పులికి ఒకటే లెక్క, పక్షికి చోటుకో లెక్క

సంపాదకుడు గారికి నమస్కారం.

ఏటా సంక్రాంతి ముందూ వెనకా పత్రికల్లో ఒక వార్త తప్పకుండా వస్తుంది. పులికాట్‌కో, నేలపట్టుకో, కొల్లేరుకో వలస పక్షులు పోటెత్తాయని, నిరుటి కంటే పెరిగాయని. ఒక్కోసారి బాగా తగ్గాయని. మీ పత్రికలోనూ చూశాను. ఇంతకీ దేనితో పోల్చి పెరిగాయంటున్నాం? నిరుడు ఎన్ని చోట్ల నిలబడి లెక్కపెట్టారు, ఈసారి ఎన్ని చోట్ల? తెల్లవారుజామునా, మిట్టమధ్యాహ్నమా? తప్పు విలేకరులది కాదు. వాళ్ల చేతికి వచ్చే కాగితంలోనే ఆ వివరాలు ఉండవు.

నేను రిటైరైన టీచర్‌ని. జనవరిలో జరిగే నీటిపక్షుల గణనకు వలంటీర్‌గా వెళ్తుంటాను. ఈ గణన నిన్నమొన్నటిది కాదు. ఆసియా దేశాల్లో 1987 నుంచి నడుస్తోంది. మన దగ్గర అటవీ సిబ్బంది, పక్షి ప్రేమికులు, కాలేజీ పిల్లలు కలిసి చేస్తారు. శ్రద్ధకు లోటు లేదు. లోటంతా రాసే పద్ధతిలోనే ఉంది.

ఒక అటవీ రేంజ్ ఆఫీసులో ఈ గణన పాత ఫారాలు తిరగేసే అవకాశం దొరికింది. ఒక ఏడాది కాగితంలో జాతుల పేర్లు విడివిడిగా ఉన్నాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, ఒక్కోదాని ఎదురుగా ఒక్కో అంకె. మరుసటి ఏడాది కాగితంలో ‘కొంగలు’, ‘బాతులు’ అని రెండే వరుసలు, పక్కన గుండ్రటి సంఖ్యలు. ఆ పై ఏడాది సంఖ్య కూడా లేదు, ‘వేలల్లో’ అని రాసి సంతకం పెట్టేశారు. మూడూ నిజమే అయివుండొచ్చు. కానీ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని ఏ జాతి పెరిగిందో, ఏది తగ్గిందో ఎవరూ చెప్పలేరు.

వీటన్నిటికన్నా తలనొప్పి ఖాళీ గడి. ఒక జాతి ఎదురుగా ఏమీ రాయలేదంటే అర్థమేమిటి? వెళ్లి చూశారు, పక్షి కనబడలేదనా? అసలు ఆ వైపు వెళ్లనే లేదనా? పడవ దొరక్క సరస్సు అవతలి ఒడ్డు వదిలేశారనా? మొదటిదైతే అది విలువైన సమాచారం, సున్నా అని రాయాలి. మిగతా రెండూ అయితే సమాచారమే లేనట్టు. పదేళ్ల తర్వాత ఎవరో కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు అన్ని ఖాళీలకూ సున్నా కొడతారు. ఇక అక్కడినుంచి ఆ పక్షి ‘అంతరించిపోతోంది’. లేదా ఎవరో ఉత్సాహవంతుడు నిరుటి అంకెనే దించేస్తాడు, పక్షి ‘క్షేమంగా’ ఉంటుంది.

లెక్కపెట్టడం కూడా అనుకున్నంత తేలిక కాదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద నిలబడి ఫ్లెమింగోల గుంపును చూస్తే ఒక్కొక్కటీ ఏరి లెక్కించడం కుదరదు. ముందు పది పక్షుల్ని లెక్కపెట్టి, అవి ఎంత జాగా ఆక్రమించాయో కంటికి పట్టించుకోవాలి. దాన్నిబట్టి వందను అంచనా వేసుకుని, ఆ వంద కొలతను గుంపు ఈ చివర నుంచి ఆ చివర దాకా జరుపుకుంటూ పోవాలి. టెలిస్కోప్ ఉన్న జట్టుకూ, బైనాక్యులర్స్‌తో సరిపెట్టుకున్న జట్టుకూ ఒకే అంకె రాదు. ఎండెక్కితే నీటి మీద గాలి వణుకుతుంది, దూరంగా తెల్లగా కనబడేది ఫ్లెమింగోనో కొంగో తేల్చలేం. అందుకే ఎప్పుడు చూశారు, ఎంతసేపు చూశారు, ఎందరు, దేనితో చూశారు అన్నవి లేకపోతే వచ్చిన సంఖ్యకు విలువ సగం పోయినట్టే.

ఇది మన వల్ల అయ్యే పని కాదని ఎవరైనా అంటే పులిని చూపిస్తాను. ఒకప్పుడు పులుల్ని పాదముద్రలు చూసి లెక్కించేవాళ్లు. రాజస్థాన్‌లోని సరిస్కాలో రికార్డుల్లో పులులు ఉంటూనే ఉన్నాయి, 2005 నాటికి చూస్తే అడవిలో ఒక్కటీ లేదు. దేశం పరువు పోయింది. కేంద్రం టాస్క్‌ఫోర్స్ వేసింది, జాతీయ పులుల సంరక్షణ సంస్థ ఏర్పాటైంది, 2006 నుంచి నాలుగేళ్లకోసారి దేశమంతా ఒకే పద్ధతిలో లెక్క మొదలైంది. అడవిని గళ్లుగా విభజించి కెమెరాలు పెడతారు, చారల్ని బట్టి ఏ పులి ఏదో గుర్తిస్తారు. 2006లో 1,411 అన్న అంచనాను, 2022లో కనీసం 3,167 అన్న అంచనాను పక్కపక్కన పెట్టి మాట్లాడగలుగుతున్నామంటే కారణం అదే.

మన దగ్గరే ఇంకో ఉదాహరణ ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ కూడా రెండైంది. కృష్ణకు అవతల అమ్రాబాద్ తెలంగాణకు వెళ్లింది, ఇవతలి నల్లమల ఆంధ్రకు మిగిలింది. నీళ్ల దగ్గర, కరెంటు దగ్గర ఎన్ని పంచాయితీలు నడిచినా పులుల లెక్క దగ్గర పేచీ రాలేదు. రెండు వైపులా పద్ధతి ఒక్కటే కాబట్టి.

పులికాట్‌కు ఆ యోగం లేదు. సరస్సులో ఎక్కువ భాగం మనది, దక్షిణపు కొస తమిళనాడుది. ఇటువైపు 1976లో, అటువైపు 1980లో అభయారణ్యంగా ప్రకటించారు. పొద్దున ఇటు మేసిన గుంపు మధ్యాహ్నానికి అటు వాలితే రెండు ఖాతాల్లోనూ పడుతుంది, లేదా ఏ ఖాతాలోనూ పడదు. పక్షుల సంగతి అటుంచండి, సరస్సు విస్తీర్ణమే చూడండి. 250 చదరపు కిలోమీటర్ల నుంచి 750 పైచిలుకు దాకా రకరకాల అంకెలు చలామణిలో ఉన్నాయి. ఆటుపోట్లను బట్టి నీళ్లు పెరిగి తగ్గే మాట నిజమే. కానీ ఏ సమయంలో, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో రాయకపోతే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

కొల్లేరులో ఇది బతుకుతెరువుతో ముడిపడిన గొడవ. 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాకు, అంటే చిత్తడి నేలల రక్షణకు దేశాలు చేసుకున్న ఒప్పందపు జాబితాకు ఎక్కినప్పుడు చూపించింది 901 చదరపు కిలోమీటర్లు. ఇక ‘కొల్లేరులో ఇన్ని పక్షులు’ అని వార్త వస్తే అది దేనికి లెక్క? అభయారణ్యానికా, రామ్‌సర్ హద్దుకా, ఆటపాక పక్షుల కేంద్రం ఒక్కదానికా? మూడో కాంటూరుకు తగ్గించాలని ఒక వర్గం, అంగుళం కూడా వదలొద్దని మరో వర్గం ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాయి. ఎవరికి అనుకూలమైన అంకె వాళ్లు జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. చేపల చెరువు పోగొట్టుకున్న కుటుంబానికైనా, పక్షి కోసం కోర్టుకెక్కిన వాడికైనా నమ్మకంగా చూపించగల ఒకే లెక్క ఉండాలా వద్దా?

రామ్‌సర్ గుర్తింపుకు ఒక ప్రమాణం 20 వేల నీటిపక్షులు క్రమం తప్పకుండా ఉండటం. క్రమం తప్పకుండా అని నిరూపించాలంటే ఏటా ఒకేలా లెక్కించాలి. ఆరేళ్లకోసారి ఆ ప్రాంతపు సమాచార పత్రాన్ని కొత్తది చేయాలని కూడా ఆ ఒప్పందం చెబుతుంది. ఇక 2022లో జిల్లాలు మారాయి. నేలపట్టు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు వచ్చింది, కొల్లేరు పక్కనున్న కైకలూరు ప్రాంతం కృష్ణా నుంచి ఏలూరుకు పోయింది. పాత ఫైళ్లలో జిల్లాల వారీగా వేసిన మొత్తాలు ఇప్పుడు దేనికీ కలవవు.

ఐరోపా సమాఖ్యలో ‘నాచురా 2000’ కింద 27 వేలకు పైగా రక్షిత ప్రాంతాలున్నాయి. దేశాలు వేరు, భాషలు వేరు, ఫారం మాత్రం ఒక్కటే. అందులో నాకు బాగా నచ్చింది ఒక చిన్న గడి. ప్రతి జాతి సంఖ్య పక్కనా ఆ సమాచారం ఎంత గట్టిదో గుర్తు పెట్టాలి. సర్వే చేసి రాసిందా, కొంత చూసి మిగతాది అంచనా కట్టిందా, ఉజ్జాయింపుగా వేసిందా అని. తెలియనిది తెలియదని రాసుకునే వెసులుబాటు ఉంటే కింది ఉద్యోగికి అంకె కల్పించాల్సిన టెన్షన్ ఉండదు. అంత దూరం ఎందుకనుకుంటే పక్కనే ఒడిశాలో చిలికా సరస్సు ఉంది. ఏటా జనవరి మొదట్లో ఒక రోజు పెట్టుకుని, సరస్సును జట్లు పంచుకుని, ఒకేసారి లెక్కిస్తారు.

దయచేసి ఇంకో పోర్టల్, ఇంకో యాప్ పెడతామని మాత్రం ఎవరూ అనకండి. ఉన్నవాటి పాస్‌వర్డ్‌లే గుర్తుండి చావడం లేదు. కావలసింది ఒక్క ఫారం. దాని మీద లెక్కించిన చోట్ల పటం, ఏటా మారని పేర్లతో. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం. జాతుల జాబితా ముందే అచ్చువేసి, ‘లేదు’కు ఒక గుర్తు, ‘చూడలేదు’కు ఇంకో గుర్తు. సంఖ్య పక్కన అది లెక్కా, అంచనానా అన్న గడి. పులికాట్‌కైతే తమిళనాడు అటవీ శాఖతో మాట్లాడి రెండు వైపులా ఒకే పూట లెక్క. తెలంగాణలో మంజీర, పోచారం అభయారణ్యాలకూ అదే ఫారం పెడితే తెలుగు రాష్ట్రాలు రెండింటికీ కలిపి ఒక లెక్క తయారవుతుంది.

సిబ్బంది తక్కువ, పని ఎక్కువ అన్నది నిజమే. అడవిలో మంటలు ఆర్పేదీ, వేటగాళ్ల వెంట పడేదీ, ఏటా సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో పండగలో పర్యాటకులకు దారి చూపేదీ అదే బీట్ ఆఫీసర్. అయితే మనుషులు లేరని మాత్రం అనలేం. 2015-20 మధ్య కేరళ తన పక్షుల అట్లాస్‌ను, అంటే ఎక్కడ ఏ పక్షి ఉందో చూపే పటాలను, గళ్లవారీగా తయారు చేసుకున్నది ఎక్కువగా వలంటీర్లతోనే. మన దగ్గరా వచ్చేవాళ్లున్నారు, ఒక పూట శిక్షణ ఇస్తే చాలు.

ఫ్లెమింగో పండగకు వేదికలు, లైట్లు, పాటలు అన్నీ ఉంటాయి. అదే వేదిక మీద ఆ ఏటి ఫారాలన్నీ జిరాక్స్ తీసి జనం చూసేలా పెట్టమనండి. వచ్చే జనవరి గణన లోపు ఫారం ఖరారు చేస్తారా లేదా అన్నది రెండు రాష్ట్రాల అటవీ శాఖలు మీ పత్రిక ద్వారా చెబితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నాయుడుపేట, తిరుపతి జిల్లా