మిషన్ గది నుంచి మిద్దె దాకా: మన హాస్టల్ నివాసుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన జూన్ నుంచి ఈ మే దాకా మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. మెస్సు, వైఫై, గేటు టైమింగుల మీద కూడా కొంత పని జరిగింది. వాటి సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను. ఎక్కువ భాగం బట్టలుతికే గది గురించే రాస్తున్నాను. ఈ ఏడాది సంఘం దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ అక్కడివే. ఒకే గదిలో ఉండే ఇద్దరు మాట్లాడుకోవడం మానేసింది అక్కడి గొడవతోనే. ఒక సభ్యురాలు హాస్టల్ ఖాళీ చేసి పోదామనుకున్నదీ అక్కడ జరిగిన దానివల్లే.

నీళ్ల సంగతి

జూన్, జులైలో వచ్చిన ఫిర్యాదులన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. "బట్టలు వేసి పోయింది, రెండు గంటలైనా రాలేదు, నేనెంతసేపు కాచుకోవాల" అని ఒకరు. "ఫోన్‌లో అలారం పెట్టుకుని టైముకే వచ్చాను, నా బట్టలు సబ్బు నీళ్లతో అట్లే నేల మీద పడున్నాయి" అని ఇంకొకరు. ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నారనే మేమూ అనుకున్నాం. ఆగస్టులో ఒక ఆదివారం కమిటీ నుంచి ఇద్దరం పొద్దున ఆరు గంటల నుంచి మధ్యాహ్నం దాకా మిషన్ గదిలోనే కూర్చున్నాం. ఇద్దరూ నిజమే చెప్తున్నారని అప్పుడు తెలిసింది.

మీట నొక్కగానే మిషన్ మీద 52 నిమిషాలని పడుతుంది. కొళాయిలో నీళ్లు ధారగా వస్తేనే ఆ లెక్క నిలుస్తుంది. లోపల గుర్తు దాకా నీళ్లు నిండకపోతే మిషన్ తిరగదు, అట్లే ఆగి ఉంటుంది. ఆరు గంటలకు వేసిన బట్టలు గంటలోపే అయిపోయాయి. తొమ్మిదికి మూడు అంతస్తుల్లోనూ స్నానాలు మొదలై పై ట్యాంకులో నీళ్లు తగ్గిపోయాయి. అప్పుడు వేసిన బట్టలకు రెండు గంటలు దాటింది. వేసిన అమ్మాయి అలారం మోగగానే వచ్చింది, ఇంకా ఉతుకుతూనే ఉందని చూసి టిఫిన్‌కు పోయింది. ఆమె వచ్చి వెళ్లిన సంగతి తర్వాత వచ్చిన అమ్మాయికి తెలియదు. ఎవరో బట్టలు పడేసి మరిచిపోయారనుకుని మిషన్ ఆపి తీసేసింది. ఇందులో తప్పు ఎవరిదని చెప్పగలం?

ఆ రోజే వెనకవైపు పైపు విప్పి చూశాం. పైపు మిషన్‌కు తగులుకునే చోట లోపల బొటనవేలి గోరంత జాలీ ఒకటి ఉంటుంది. కటింగ్ ప్లేయర్‌తో పట్టి బయటికి లాగితే అది జాలీలా లేదు. సన్నని ఇసుక, దాని మీద సున్నం పూసినట్టు తెల్లని పొర, మధ్యలో ఎక్కడో రెండు మూడు కళ్లు తెరుచుకుని ఉన్నాయి. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి మళ్లీ బిగించాం. అంతకుముందు మిషన్‌లోకి నీళ్లు దారంలా వచ్చేవి, ఇప్పుడు చప్పుడు చేస్తూ దూకాయి. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి శనివారం జాలీ కడుగుతున్నాం. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో పైసా ఖర్చు లేకుండా ఎక్కువ మేలు చేసింది ఇదే.

మనది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. అనంతపురం నగరానికి పీఏబీఆర్ (పెన్నా అహోబిలం జలాశయం) నుంచి వచ్చే నీళ్లు మనకు తాగడానికి, వంటకు సరిపోతే చాలు. ఉతకడానికి బోరే దిక్కు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కాఠిన్యత (ఈ లవణాల మోతాదు) హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా. మన బోరు సంగతి తెలియాలంటే బకెట్ల అంచున కట్టిన తెల్లని పొర చూస్తే చాలు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఉప్పు నీళ్లలో నురగ రాదు. నురగ రాలేదని ఇంకో స్పూను పొడి, అప్పటికీ రాలేదని మరో స్పూను వేస్తాం. జాడించే నీళ్లు అంత పొడిని తియ్యలేవు. బట్ట ఆరాక అట్టలా బిగుసుకుంటుంది, ఒంటికి తగిలితే దురద. మిగిలిన పొడి డ్రమ్ము గోడకు పట్టుకుని తర్వాత వేసేవాళ్ల బట్టలకు అంటుతుంది. కాబట్టి పొడి ఎంత వేస్తామన్నది ఎవరి ఇష్టం వాళ్లది అనుకునే విషయం కాదు. పొడి పెంచే బదులు ఒక స్పూను బట్టల సోడా కలపండి. నీటిలోని కాల్షియాన్ని అది విడదీస్తుంది. పూర్వం మన పల్లెల్లో చవుడు మన్ను తెచ్చి బట్టలు ఉడకబెట్టేవాళ్లు. అందులో పనిచేసేదీ ఆ సోడానే. పట్టు, ఊలు బట్టలకు మాత్రం సోడా వాడొద్దు. డ్రమ్ములో పేరుకున్న సున్నం పోవడానికి నెలకోసారి నిమ్మఉప్పు వేసి బట్టల్లేకుండా మిషన్ తిప్పుతున్నాం. ఆ గంట మిషన్ దొరకలేదని కోప్పడొద్దని మనవి.

ఫోన్ గ్రూపు

ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. అయినా సభ్యులకు చెప్పకుండా దాటెయ్యడం న్యాయం కాదు.

మిషన్ ఖాళీగా ఉందో లేదో తెలుసుకోవడానికి జులైలో ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టాం. పెట్టింది నేనే. వారం రోజులు బాగానే నడిచింది. తర్వాత రాత్రి పదకొండుకు కూడా మెసేజులు, దెప్పిపొడుపులు. ఒక రోజు ఎవరో మిషన్ మీద మరిచిపోయిన నైటీని ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. దాని మీద నెలసరి మరక ఉంది. "ఇది ఎవరిదో వచ్చి తీసుకోండి" అని రాసి, కింద ముక్కు మూసుకున్న బొమ్మలు. అందరం చూశాం. నేనూ చూశాను. తీసెయ్యమని చెప్పడానికి నాకు మరుసటి రోజు దాకా పట్టింది.

ఆ నైటీ ఎవరిదో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. కానీ ఒకమ్మాయి మిషన్ గదికి రావడం మానేసింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, బాత్రూంలో కొళాయి సన్నగా తిప్పుకుని, చప్పుడు కాకుండా ఉతుక్కుంటోందని మాకు చెప్పింది మన ఆయమ్మ. "ఆ పాప చేతులు చూసినావా, సబ్బుకు పగిలిపోయినాయి" అంది. ఆ మాట విన్నాక కమిటీ ఆ అమ్మాయి గదికి పోయి క్షమాపణ అడిగింది. హాస్టల్ ఖాళీ చేద్దామనుకున్నానని ఆమె అప్పుడు చెప్పింది. మరక గురించి కాదట, అందరూ చూసి ఒక్కరూ మాట్లాడకపోవడం గురించట. గ్రూపు ఆ రాత్రే మూసేశాం. ఇది రాయడానికి ఆమె అనుమతి తీసుకున్నాను.

సెప్టెంబరు సర్వసభ్య సమావేశంలో మీరంతా ఒప్పుకున్న తీర్మానం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. మిషన్ గదిలో ఫోటోలు తియ్యకూడదు. ఎవరి బట్టల గురించీ, వాటి మరక గురించీ, చిరుగు గురించీ, లోదుస్తుల గురించీ మాట అనకూడదు. మరక ఉన్న బట్టను మిషన్‌లో వేసే ముందు చన్నీళ్లతో విడిగా ఉతకాలి, అంతే. వేడినీళ్లు పోస్తే రక్తపు మరక ఇంకా గట్టిపడుతుంది. దానికోసం నీలం బకెట్టు ఒకటి కొళాయి కింద పెట్టాం. అది వాడటానికి తలుపు వేసుకోవాల్సిన పని లేదు.

పలక

గ్రూపు బదులు ఏం చేద్దామంటే పాతూరు నుంచి రెండు బడి పలకలు తెచ్చి మిషన్లకు తగిలిద్దామని మొదటి అంతస్తులో ఉండే టీచరు అక్క చెప్పారు. బట్టలు వేసేటప్పుడు గది నంబరు, వేసిన టైము రాయాలి. మధ్యలో వచ్చి చూసిపోతే ఒక గీత గీయాలి. గీత ఉందంటే మనిషి మరిచిపోలేదని అర్థం. మొదట్లో ఇది పిల్లల ఆటలా ఉందని కొందరన్నారు. ఇప్పుడు గీత గీయకుండా ఎవరూ పోవడం లేదు.

మిషన్ ఆగాక పావుగంట ఆగాలి. అప్పటికీ రాకపోతే గది తలుపు తట్టాలి. తలుపు తీయకపోతే చేతులు కడుక్కుని, బట్టలు తీసి, గది నంబరు రాసి ఉన్న టబ్బులోనే పెట్టాలి. మిషన్ తిరుగుతుండగా ఆపి తియ్యడం మాత్రం ఏ కారణంగానూ కుదరదు. రేపు ఇంటర్వ్యూ ఉందనో, ఊరికి బస్సుందనో తొందర ఉంటే ముందున్న వాళ్లను నోరు తెరిచి అడగండి. అడిగితే కాదన్నవాళ్లు ఈ ఏడాది నాకు తెలిసి ఒక్కరూ లేరు. అడక్కుండా తీసినప్పుడే గొడవలొచ్చాయి.

కొత్త బట్ట రంగు గురించి ఒక మాట. నర్సింగ్ చదివే అమ్మాయి తెల్లకోటు, ఆమె రూమ్మేట్ కొత్త మెరూన్ చున్నీ కలిసి పడి, కోటు గులాబీ రంగుకు తిరిగింది. మొదట్లో చెప్పిన మాటలు మానేసిన ఇద్దరూ వీళ్లే. ఒక మూలను తడిపి తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దితే రంగు పోయేదో కాదో నిమిషంలో తెలుస్తుంది. వాళ్లు నవంబరులో మళ్లీ కలిసిపోయారు. కొత్త కోటుకు డబ్బులు చెరిసగం వేసుకున్నారు. సంఘం కల్పించుకోలేదు.

చలికాలంలో వచ్చిన దురద

డిసెంబరులో మూడో అంతస్తులో ఒక గదిలో గజ్జి వచ్చింది. వారంలో పక్క గదికీ పాకింది. వాళ్లు వాడిన మిషన్ మేం వాడమని కొందరు పట్టుబట్టారు. భయపడటం తప్పు కాదు. కానీ ఆ గదుల వాళ్లు దాచుకుంటే జబ్బు ఇంకా పాకుతుంది.

మేం వెళ్లి అడిగితే డాక్టరమ్మ వివరంగా చెప్పారు. ఆ పురుగు మనిషి ఒంటికి దూరంగా రెండు మూడు రోజులకు మించి బతకదు. 50 డిగ్రీల వేడికి పది నిమిషాల్లో చస్తుంది. మన మిషన్లు చన్నీళ్లవి కాబట్టి గీజరు నీళ్లను ఇంకా కాచి, ఆ గదుల దుప్పట్లు, దిండు గలీబులు, ఒంటి బట్టలు బకెట్లలో నానబెట్టించాం. వేడికి ఆగని ఊలు స్వెట్టర్లను ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి నాలుగు రోజులు పక్కన పెట్టించాం. గదిలో దురద ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ ఒకే రాత్రి మందు రాసుకోవాలన్నారు, రాసుకున్నారు. చికిత్స అయిపోయినా ఇంకో రెండు మూడు వారాలు దురద ఉండొచ్చనీ, అది అంటుకోదనీ కూడా చెప్పారు. ఈ చివరి మాట అందరికీ తెలియక, తగ్గిపోయిన అమ్మాయి గోక్కుంటుంటే కొందరు పక్కకు జరిగారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ పది రోజులు నీళ్లు మోసి, కాచి పెట్టినవాళ్లలో ఎక్కువమంది కింది అంతస్తు వాళ్లు. వాళ్లకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఆయమ్మ

మన గదులు ఊడ్చి, బాత్రూములు కడిగే ఆయమ్మ రోజూ మిషన్ గదిలో కింద పడిన బట్టలు ఏరి టబ్బుల్లో వేస్తూ ఉండేది. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు, దానికి జీతమూ లేదు. మన లోదుస్తులు ఇంకొకరు ఏరడం ఏం మర్యాద? జనవరి నుంచి ఆ పని ఆమె చెయ్యకూడదని, ఎవరివి వాళ్లే తీసుకోవాలని నిర్ణయించాం.

అదే సమావేశంలో బుధవారం మధ్యాహ్నం ఒక మిషన్ ఆమె ఇంటి బట్టలకు ఇవ్వాలని ప్రతిపాదన పెట్టాం. చర్చ చాలాసేపు జరిగింది. వ్యతిరేకించినవాళ్లు మొదట నీళ్ల ఖర్చన్నారు. బుధవారం మధ్యాహ్నం మిషన్లు ఖాళీగానే ఉంటాయని పలకలే చూపిస్తున్నాయి. చివరికి ఎక్కువమంది ఒప్పుకుని తీర్మానం నెగ్గింది. ఒప్పుకోనివాళ్ల మాట కూడా మినిట్స్‌లో ఉంది. మొదటి బుధవారం ఆమె నాలుగు జతల బట్టలే తెచ్చి, మిషన్ పక్కనే నిలబడి, తిరిగినంతసేపూ మూత అద్దంలోంచి చూసింది. పలక మీద గది నంబరు రాసే చోట ఏం రాయాలని అడిగితే, టీచరు అక్క చాక్‌పీసు ఆమె చేతికే ఇచ్చి ఆమె పేరు రాయించారు.

మిద్దె

ఆషాఢం గాలి సంగతి మీకు తెలుసు. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే గాలే మన మిద్దె మీదా వీస్తుంది. పోయిన జులైలో పక్క సందులోకి, ఎదురింటి మునగచెట్టు మీదికి పోయిన బట్టలకు లెక్కలేదు. ఎదురింటి పెద్దాయన ఓపికగా కర్రతో తీసి ఇచ్చేవారు. బట్టకు రెండు క్లిప్పులు తప్పనిసరి చేశాక అది తగ్గింది. ఎండాకాలం గంటలో ఆరిపోతాయి కాబట్టి ఆరిన బట్టలు సాయంత్రం దాకా దండెం మీదే ఉంచొద్దు, వెనక తడిబట్టలతో నిలబడినవాళ్లు ఉంటారు. పక్కవాళ్ల బట్టలు మూలకు నెట్టి మనవి ఆరేయడం ఇంకా జరుగుతోంది. దీన్ని ఈ ఏడాది ఆపలేకపోయాం.

మిగతా పనులు

గేటు టైము రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదికి పెరిగింది, డ్యూటీ నర్సులకు, లైబ్రరీ నుంచి వచ్చేవాళ్లకు మినహాయింపు ఉంది. మెస్సులో ఆదివారం ఓళిగలు అడిగాం, నెలకోసారి ఒప్పుకున్నారు. మూడో అంతస్తు వైఫై ఇంకా బాగుపడలేదు. జమాఖర్చుల పుస్తకం ఆఫీసు బల్ల మీద ఉంది, ఎవరైనా చూడొచ్చు.

వచ్చే కమిటీకి రెండు పనులు మిగిలాయి. మిషన్ గది పైన పడుకునేవాళ్లకు రాత్రి స్పిన్ చప్పుడు ఇబ్బందిగా ఉంది. పదికి ఆపాలని రూలున్నా నీళ్లు ఆలస్యమైన రోజు అది నిలబడటం లేదు, దీనికి మాకు దారి దొరకలేదు. ఇక రెండో దండెం. తాడు, కొక్కేలు కొని స్టోర్ రూంలో పెట్టాం. తూర్పు గోడకు కట్టాలి, జూన్ గాలి మొదలుకాకముందే.

ఇట్లు,
కార్యదర్శి,
హాస్టల్ నివాసుల సంఘం, అనంతపురం