టోటల్ లాస్ బండ్లకు ఇకనుంచి ఎర్ర ట్యాగు, వేరే ధర

విజయవాడ ఆటోనగర్‌లో మా దగ్గర సెకండ్ హ్యాండ్ టూవీలర్ బండ్లు కొన్నవాళ్లకీ, కొనబోయేవాళ్లకీ ఈ కబురు. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద క్లెయిము ఇచ్చేసిన బండిని బాగుచేసి అమ్మేటప్పుడు, ఆ సంగతి ఇన్నాళ్లూ నోటిమాటగా చెప్పేవాళ్లం. రాసి ఇచ్చేవాళ్లం కాదు. అది మా తప్పు. బండి మూడో చేతికి వెళ్లేసరికి ఆ మాట ఎవరికీ గుర్తుండదు, నష్టపోయేది చివర కొన్నవాళ్లు. అందుకే ఈ నెల నుంచి అలాంటి ప్రతి బండి హ్యాండిల్‌కీ ఎర్ర ట్యాగు కడతాం. బిల్లు మీద "టోటల్ లాస్, రిపేరు చేసినది" అని రాసి, ఇన్సూరెన్స్ సర్వేయరు చూసిన రిపేరు ఖర్చు ఎస్టిమేటు కాపీ కూడా ఇస్తాం. ఆ కాపీ లేని బండిని మేమే కొనం.

టోటల్ లాస్ అనగానే బండి నుజ్జయిపోయిందనుకుంటారు. అసలు లెక్క వేరు. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే ఆ బండిని టోటల్ లాస్ కింద కడతారు. ఐడీవీ 30,000 ఉన్న పాత బండికి ఆ గీత 22,500 దగ్గరే ఉంటుంది. ట్యాంకు, హెడ్‌లైటు, ఫోర్కుల (ముందు షాకుల) జత, ముందు చక్రం, సైలెన్సరు కంపెనీ ధరకు వేసి లేబరు కలిపితే అక్కడికి చేరిపోవచ్చు, ఛాసిస్‌కు గీత కూడా పడకుండానే. అదే లక్ష ఐడీవీ ఉన్న కొత్త బండి టోటల్ లాస్ అయిందంటే ఎస్టిమేటు 75,000 దాటినట్టు. అంత దెబ్బ పైపై సామాన్లతో రాదు. అందుకే "మోడల్ కొత్తది, రేటు చూస్తే సగం" అని ఎవరైనా చూపిస్తే సంబరపడకండి. ఈ వ్యాపారంలో మేం ఎక్కువ భయపడేది కొత్త టోటల్ లాస్ బండికే.

యాక్సిడెంట్ బండిలో మొదట చూసేది రంగు కాదు, మెడ, అంటే హ్యాండిల్ ఛాసిస్‌లో తిరిగే చోటు. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్‌ను రెండు వేళ్లతో అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి టక్కున గాడిలో కూర్చున్నట్టు ఆగితే కోన్‌సెట్‌లో, అంటే మెడలోని బేరింగులో, బాల్స్ అచ్చులు పడ్డాయని అర్థం. ఒక్క కోన్‌సెట్‌తో పోతే చిన్న ఖర్చే. కానీ హ్యాండిల్ లాక్ స్టాపరు వంగి ఉన్నా, ఛాసిస్ మెడ దగ్గర వెల్డింగు పక్కన పెయింటు సన్నగా పగిలినా, అక్కడ ఒక్క ముక్కకే కొత్త రంగు కనిపించినా ఛాసిస్ కదిలిందనే అనుకోవాలి. గ్యాస్‌తో కాల్చి లాగి సరిచేసిన ఛాసిస్ బండిని మేం అమ్మం. చూపుకు నిటారుగా ఉంటుంది, కాలిన చోట ఉక్కు బలం ముందులా ఉండదు. ఛాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండర్ గీతలు కనిపిస్తే బేరం కూడా ఆడం.

ఫోర్కు రాడ్లను బయటికి తీసి మందపాటి అద్దం మీద దొర్లించి చూస్తాం, వంకర కొలిచే డయల్ గేజీ పెడతాం. 0.2 మిల్లీమీటరు దాటి వంకర ఉంటే ప్రెస్‌లో పెట్టి తియ్యకుండా కొత్తవే వేస్తాం. రిమ్ము ఊగు 2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. చివర్లో వెనక టైరుకు రెండు వైపులా దారం కట్టి ముందు టైరు దాకా లాగుతాం. రెండు దారాలకూ ముందు టైరుకూ మధ్య సందు సమానంగా రావాలి. ఇది మీరూ చేసుకోవచ్చు, పది నిమిషాల పని.

మునిగిన బండ్ల సంగతి విడిగా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అప్పటి బండ్లు ఇంకా చేతులు మారుతున్నాయి. నిలిపి ఉంచగా మునిగిన బండి వేరు, నీళ్లలో నడుపుతుండగా ఇంజను నీళ్లు పీల్చి ఆగిన బండి వేరు. నీరు నొక్కితే కుదించుకుపోదు కాబట్టి రెండో రకంలో పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగే ప్రమాదం ఉంది. అలాంటి బండిని ఇంజను బ్లాకు విప్పి చూడకుండా తీసుకోకూడదు. మొదటి రకానికి స్పార్క్ ప్లగ్గు తీసి నీళ్లు బయటికి కొట్టించి, పాల టీ రంగుకు మారిన ఆయిల్ దించి, చవక ఆయిల్ పోసి ఐదు నిమిషాలు నడిపి మళ్లీ దించుతాం. ఆయిల్ శుభ్రంగా వచ్చేదాకా ఇదే పని, సాధారణంగా మూడుసార్లు. చక్రాల బేరింగులు, కోన్‌సెట్, బ్రేకు షూలు, క్లచ్ ప్లేట్లు, ఎయిర్ ఫిల్టరు, కేబుళ్లు మార్చి తీరాలి.

ఇదంతా కార్బ్యురేటరు బండికి సరిపోతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త పొల్యూషన్ నిబంధన) బండికి సాధారణంగా ఈసీయూ (ఇంజనును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె), సెన్సర్లు, ట్యాంకులో ఫ్యూయల్ పంపు ఉంటాయి. సీటు తీసి వైరింగ్ కప్లర్ ఒకటి ఊడదీసి చూడండి: పిన్నుల మీద ఆకుపచ్చ పొడి ఉంటే నీళ్లు లోపలికి వెళ్లినట్టే. స్ప్రే కొట్టి తుడిస్తే ఆ రోజుకు బాగానే నడుస్తుంది. వైరు లోపల రాగి మెల్లగా తినేసుకుంటూ పోయి, నెలల తర్వాత ఇంజను లైటు వెలుగుతూ ఆరుతూ మొదలవుతుంది. ఏ వైరో పట్టుకోవడం మాకే కష్టం. కాబట్టి సీటు ఎత్తు దాకా మునిగిన బీఎస్6 బండిని ఇకమీదట విడిభాగాలకే విప్పుతాం.

ధరలు ఇలా పెడుతున్నాం. క్లీన్ రికార్డుతో 60,000 పలికే బండి అయితే, బోల్టులతో మారే సామాను మాత్రమే మార్చిన టోటల్ లాస్ బండి 45,000. మునిగిన కార్బ్యురేటరు బండి 36,000. ఆర్నెల్లకో, రెండేళ్లకో మీరు మాకే తిరిగి అమ్మినా అదే పద్ధతి: ఆనాటి క్లీన్ ధరలో సామాను మార్చిన దానికి 25 శాతం, మునిగిన దానికి 40 శాతం తగ్గించి కడతాం. తక్కువకు కొన్నది పూర్తి ధరకు పోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. పాలసీలో ఐడీవీ ఎక్కువ రాసి ఉంది కదా అంటారు కొందరు. ఐడీవీని షోరూం ధర నుంచి వయసు తరుగు తీసి కడతారు, బండి గతం దానికి తెలియదు.

కాగితాల్లో చూడాల్సినవి. టోటల్ లాస్ డబ్బు తీసుకున్నాక పాత ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి డబ్బిచ్చే) పాలసీ అక్కడితో అయిపోతుంది. కొత్త పాలసీ ఉండాలి, అది మీ పేరుకు 14 రోజుల్లో మార్పించుకోవాలి. అమ్మే ఆయన మూడేళ్లుగా తనదే అంటున్న బండికి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా ఉంటే ఎందుకని అడగండి. ఆర్సీ రద్దయిన బండి ఎంత చవకైనా రోడ్డెక్కదు. ఫైనాన్సు ఉంటే ఆర్సీలో ఫైనాన్సు పేరు తీయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ లేనిదే అడ్వాన్సు ఇవ్వకండి.

దెబ్బతిన్న బండిని మాకు అమ్మాలనుకునేవాళ్లకు ఒక మాట. ఇన్సూరెన్స్ వాళ్లు ఐడీవీ 80,000, శాల్వేజ్ (దెబ్బతిన్న బండికి ఉన్న విలువ) 22,000 అని కట్టారనుకోండి. బండి మీరే ఉంచుకుంటే తప్పనిసరి కోత 100 పోను చేతికి 57,900 వస్తుంది. మేం 22,000 ఇవ్వకపోతే తేడా మీకే నష్టం. క్లెయిము కాగితాల మీద సంతకం పెట్టకముందే బండి ఫొటోలు, ఎస్టిమేటు పట్టుకురండి, మా రేటు రాసి ఇస్తాం.

ఇదివరకు మా దగ్గర కొన్న బండి టోటల్ లాసేమో అని అనుమానం ఉన్నవాళ్లు ఆర్సీ తీసుకురండి. పాత రిజిస్టరులో చూసి, ఏమేం మార్చామో ఉన్నదున్నట్టు కాగితం మీద రాసిస్తాం, దారం పరీక్ష మీ ముందే చేస్తాం. దీనికి డబ్బులేమీ తీసుకోం.