ఆసుపత్రి మురుగుకు బ్లీచింగ్ ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి,

శ్రీకాకుళం పట్టణంలో చాలా కాలువల నీరు చివరికి కలిసేది నాగావళి నదిలోనే. అందుకే ఆసుపత్రుల మురుగు శుద్ధి గురించి, మందులకు లొంగని బ్యాక్టీరియా, వాటి జన్యువులు ఆ మురుగుతో నదిలోకి చేరకుండా చూడటం గురించి ఈ లేఖ.

ఆఖరి అస్త్రంగా వాడే మెరోపెనెమ్ లాంటి యాంటీబయాటిక్ మందులను కూడా పనికిరాకుండా చేసే ఎంజైమును ఎన్‌డీఎం-1 జన్యువు తయారు చేయిస్తుంది. ఇది చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉంటుంది. కాబట్టి క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా నుంచి ఈ.కొలి అనే మరో బ్యాక్టీరియాకు, అక్కడి నుంచి ఇంకోదానికి సులువుగా పాకుతుంది. 2011లో వెలువడిన పరిశోధనలో ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లో ఈ జన్యువు దొరికింది. కుళాయి నీటి నమూనాలు 50 చూస్తే వాటిలో రెండింట్లో ఉంది.

చాలాచోట్ల హైపోక్లోరైట్ అనే క్లోరిన్ ద్రావణాన్ని ఈటీపీ (మురుగు శుద్ధి కేంద్రం)లోకి మురుగు వచ్చే దగ్గరే గుమ్మరిస్తారు. అసలు తప్పు ఇదే. మలినాలే ఆ క్లోరిన్‌ను తినేస్తాయి. మిగిలిన క్లోరిన్, గాలి కొట్టే ఏరేషన్ ట్యాంకులో మలినాలను తిని మురుగును శుద్ధి చేయాల్సిన బ్యాక్టీరియాను చంపుతుంది. గాలి కొట్టి, మడ్డిని అడుగుకు దిగనిచ్చి, ఇసుక ఫిల్టరు దాటాకే క్లోరిన్ కలపాలి. కనీసం అరగంట నిలవ ఉంచి, బయటికి వదిలే చోట మిగులు క్లోరిన్ చూడాలి. తేమ తగిలిన బ్లీచింగ్ పౌడరులో సత్తువ ఉండదు.

ఇంత చేసినా క్లోరిన్ చంపేది కణాన్నే. పగిలిన కణంలోంచి బయటపడ్డ డీఎన్‌ఏను బతికున్న బ్యాక్టీరియా తీసుకోగలదు. అందుకే ల్యాబులో బ్యాక్టీరియాను పెంచే కల్చర్ ప్లేట్లను కాలువ దాకా రానివ్వకుండా 121 డిగ్రీల వద్ద, 15 పీఎస్‌ఐ పీడనంలో, 60 నిమిషాలు ఆవిరితో ఆటోక్లేవ్ చేయాలి. మడ్డిని పొలాలకు ఇవ్వడం మహా ప్రమాదం, దాన్ని దహనానికో, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికో పంపాలి. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు చెప్పేదీ ఇదే. బయటికి వదిలే మురుగు ప్రమాణాలు అందుకోవడానికి పది పడకల్లోపు క్లినిక్కులకు ఇచ్చిన గడువు కూడా 2019 డిసెంబరు 31తోనే తీరిపోయింది.

ఆ నిబంధనల్లో బయటికి వదిలే నీటిలో మలినాల కొలతలైన బీఓడీ లీటరుకు 30, సీఓడీ లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదని ఉంది, ఆ నీటిలో 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికుండాలనీ ఉంది. మందులను పనికిరాకుండా చేసే జన్యువుల ఊసు మాత్రం లేదు. కోవిడ్ కాలంలో వచ్చిన ఆర్‌టీ-పీసీఆర్ యంత్రాలతోనే వీటిని లెక్కించవచ్చు, ఏ జన్యువును వెతకాలో చూపే డీఎన్‌ఏ ముక్కలైన ప్రైమర్లు మార్చుకోవాలి. ఈటీపీకి ముందు, తర్వాత, నాగావళిలో పట్టణానికి ఎగువన, దిగువన నమూనాలు తీయాలి. సీసాలో ముందే మిగులు క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ వేసి, ఐసులో పెట్టి 24 గంటల్లోగా ల్యాబుకు చేర్చాలి. కాలుష్య నియంత్రణ మండలి, జిల్లా వైద్యాధికారులు మూడు నెలలకోసారి ఈ పరీక్ష చేయించి, ఫలితాలను ఆసుపత్రుల వారీగా ప్రజల ముందు పెట్టాలని కోరుతున్నాం.

– మైక్రోబయాలజీ అధ్యాపకులు, శ్రీకాకుళం