క్రికెటర్ పల్వంకర్ బాలూ పేరిట ఒక ట్రోఫీ పెట్టాలి

అయ్యా,

భారత క్రికెట్ చరిత్ర ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన పత్రికలు 1932లో లార్డ్స్‌లో సి.కె. నాయుడు సారథ్యంలో ఆడిన తొలి టెస్టుతోనే కథ మొదలుపెడుతున్నాయి. నాయుడు తెలుగువాడు కనుక మనకూ ముచ్చటే. కానీ అంతకు 21 ఏళ్ల ముందే పటియాలా మహారాజా కెప్టెన్‌గా ఆల్ ఇండియా జట్టు ఇంగ్లండ్ వెళ్లిందనీ, ఆ జట్టు పరువు నిలిపింది దళిత కుటుంబంలో పుట్టిన ఎడమచేతి వాటం స్పిన్నర్ పల్వంకర్ బాలూ అనీ రాసేవారు అరుదు.

బాలూ మొదట పుణెలో తెల్లవాళ్ల క్లబ్బులో నెలకు నాలుగు రూపాయల జీతానికి పిచ్ చదును చేసి, వలలు కట్టి, సభ్యుల ప్రాక్టీసు కోసం గంటల తరబడి బంతులు వేసిన పనివాడు. ఆ బంతుల పదును గురించి విని పుణె హిందువులు ఆయనను తమ జట్టులో చేర్చుకున్నారు. మైదానంలో ఆయన చేతి బంతిని అందుకున్న సహచరులే, టీ విరామంలో మాత్రం ఆయనను పెవిలియన్ బయట నిలబెట్టి మట్టి ముంతలో టీ పోయించేవారు.

1911 పర్యటనలో జట్టు 23 మ్యాచ్‌లు ఆడి 15 ఓడింది. మహారాజావారు కొద్ది మ్యాచ్‌లకే ఆట చాలించి విందుల్లో పడ్డారు. బాలూ ఒక్కరే 114 వికెట్లు తీశారు. ఇంత చేసినా, మతాలవారీగా జట్లు తలపడే బొంబాయి పోటీల్లో హిందూ జట్టుకు ఆయనను కెప్టెన్‌గా ఏనాడూ నియమించలేదు; ఆ గౌరవం 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది, అదీ తమ్ముళ్లు ఒకసారి జట్టు నుంచి తప్పుకొని నిరసన తెలిపిన తరువాత.

మన రంజీ, దులీప్ ట్రోఫీలు ఎవరి పేర్లతో ఉన్నాయో ఆ ఇద్దరూ టెస్టులు ఆడింది ఇంగ్లండ్ తరఫున. వారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నాయుడు పేరిట కుర్రాళ్లకు ట్రోఫీ నడుపుతున్న క్రికెట్ బోర్డు, బాలూ పేరిట కూడా జాతీయ స్థాయిలో ఒకటి నెలకొల్పాలి. అది కుదరకపోతే రంజీ సీజన్‌లో అత్యధిక వికెట్లు తీసిన స్పిన్నర్‌కు ఏటా ఆయన పేరిట ఒక బహుమతైనా ఇవ్వవచ్చు. దానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆంధ్ర, హైదరాబాద్ క్రికెట్ సంఘాలు ఈ ప్రతిపాదనను బోర్డు ముందుంచాలని, మీ క్రీడా పేజీ ఇకపై ఈ చరిత్రను 1911 నుంచి చెప్పాలని కోరుతున్నాను.

– విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, తెనాలి