నాన్న గుండె మీద మా వరండాలో జరిగిన యుద్ధం

విశాఖపట్నం
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ తులారాశీ,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది, జవాబు రాయనందుకు ఏమీ అనుకోకురా. పేపర్లు దిద్దడం, పాపకి జ్వరం, ఎంవీపీ కాలనీ ఇల్లు ఖాళీ చేసి ఆశీల్‌మెట్ట వైపు రావడం, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఇప్పుడు అందరం బాగానే ఉన్నాం. అవన్నీ తర్వాత. ముందు నాన్న సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర డౌన్ రోడ్డు ఎక్కేటప్పుడు నాన్నకి ఛాతీ పట్టేసినట్టు ఉండేది. కాసేపు ఆగితే తగ్గిపోయేది. గ్యాసు గ్యాసు అంటూ ఆయన లాక్కొచ్చాడు, నీకు తెలుసుగా ఆయన సంగతి. చివరికి అక్క పోరు పడలేక ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నాడు. అందులో తేడా కనిపించింది, యాంజియోగ్రామ్ చేశారు, అంటే గుండె రక్తనాళాల్లోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలో చూడడం. కుడివైపు రక్తనాళంలో 80 శాతం బ్లాక్. నాన్న ఇంకా లోపల బల్ల మీదే ఉన్నాడు. ఒకాయన బయటికొచ్చి, "స్టెంట్ ఇప్పుడే వేసేయాలండీ, ఆలస్యం చేస్తే ఏ క్షణాన ఏమవుతుందో మా చేతుల్లో ఉండదు, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. స్టెంట్ అంటే నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం. ఏ హాస్పిటలో రాయనులే. అమ్మ నా భుజం పట్టుకుని నిలబడిపోయింది. నేను డాక్టరైన బావకి ఫోన్ చేశాను. బావ అడిగినవి మూడే ప్రశ్నలు: ఇప్పుడు నొప్పి ఉందా, ఈసీజీలో కొత్తగా ఏమైనా మారిందా, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో కనిపించే ట్రోపోనిన్ పెరిగిందా. మూడింటికీ లేదనే చెప్పారు. "అయితే సంతకం పెట్టకు. సీడీ తీసుకుని మామయ్యని ఇంటికి తీసుకురా."

ఆ సాయంత్రం బావ తన క్లాస్‌మేట్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ ఆంధ్రా మెడికల్ కాలేజీలో కలిసి చదివినవాళ్ళే. బావ ఫిజీషియన్, ఆయన స్టెంట్లు వేసే కార్డియాలజిస్టు. లాప్‌టాప్‌లో సీడీ పెట్టారు. నాన్న గుండె మీద ఆ నల్లటి నాళం కదులుతూ, ఒకచోట దారంలా సన్నబడిపోయి కనిపించిందిరా. నాకు చేతులు చల్లబడ్డాయి. వాళ్ళిద్దరూ మాత్రం దాన్ని చూడగానే మొదలుపెట్టారు.

కార్డియాలజిస్టు వాదన సూటిగా ఉంది. పైపులో అడ్డం ఉంటే తీసేయాలి, అంతే. బావ ఒప్పుకోలేదు. గుండెపోట్లు చాలావరకు ఇలా బాగా మూసుకుపోయిన చోట రావట, అంతగా అడ్డం లేని చోట కొవ్వు పొర పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి వస్తాయట. ఉన్న ఒక్క బ్లాక్ తెరిచినంత మాత్రాన మిగతా నాళాల్లో జబ్బు ఆగదు, దానికి మాత్రలే దిక్కు అన్నాడు. 2007లో వచ్చిన కరేజ్ ట్రయల్ తీశాడు, అంటే పేషెంట్లని రెండు జట్లు చేసి పోల్చి చూసే పరీక్ష: 2,287 మంది. తర్వాత 2020లో ఇస్కీమియా ట్రయల్: 37 దేశాలు, 5,179 మంది, మన దేశం వాళ్ళు కూడా అందులో ఉన్నారు. రెండింటిలోనూ సగం మందికి ముందు మందులే ఇచ్చి చూశారు. మిగతా సగానికి మందులతో పాటు స్టెంటో బైపాసో. మూడేళ్ళకు పైగా చూస్తే చావుల్లో గానీ గుండెపోట్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఆయన ఊరుకుంటాడా? "ఎడమ ప్రధాన నాళంలో బ్లాక్ ఉన్నవాళ్ళని, గుండె పంపింగ్ బాగా పడిపోయినవాళ్ళని, నొప్పి భరించలేనివాళ్ళని ఆ ట్రయల్‌లోకి తీసుకోలేదు. రోజూ నా దగ్గరికి వచ్చేది వాళ్ళేరా. పైగా ట్రయల్‌లో వాళ్ళు మాత్రలు ఠంచనుగా వేసుకుంటారు, మనవాళ్ళు కాస్త బాగుందనిపిస్తే ఆపేస్తారు. షుగర్ ఉన్నవాళ్ళ లెక్క వేరు, వయసు లెక్క వేరు..." అంటూ ఒక్కొక్కళ్ళనీ విడదీయడం మొదలుపెట్టాడు.

అప్పుడు బావ చెప్పిన సంగతి వినగానే నువ్వే గుర్తొచ్చావురా! 1988లో ఐసిస్-2 అని పెద్ద ట్రయల్, గుండెపోటు వచ్చిందనుకున్న 17,187 మంది మీద. ఆస్పిరిన్ ప్రాణాలు నిలబెడుతుందని గట్టిగా తేలింది. అయితే ఆ ఫలితాలు వేసే వైద్య పత్రిక వాళ్ళు, ఏ రకం పేషెంటుకి ఎంత పనిచేసిందో విడదీసి చూపమన్నారట. అలా ముక్కలు చేస్తే తప్పుడు లెక్కలొస్తాయని చూపించడానికి ట్రయల్ చేసిన ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు పేషెంట్లని రాశుల వారీగా విడదీశారు. మిథున రాశికీ తులారాశికీ ఆస్పిరిన్ పనిచేయలేదని వచ్చింది! వాళ్ళది పుట్టిన తేదీ లెక్కలే, మన నక్షత్రం లెక్క కాదు, కాబట్టి నువ్వు కంగారుపడకు. నేను పగలబడి నవ్వుతుంటే అమ్మ వింతగా చూసింది.

ఎక్కడున్నాను? ఆ, నొప్పి దగ్గర. "సరే, చావు తప్పించకపోవచ్చు, నొప్పి తగ్గిస్తుంది కదా" అన్నాడాయన. దానికి బావ 1959 దాకా వెనక్కి వెళ్ళాడు. అప్పట్లో ఛాతీలో ఒక నాళానికి ముడి వేస్తే గుండెనొప్పి తగ్గుతుందని ఆపరేషన్లు చేసేవారట. సియాటిల్‌లో 17 మందిని తీసుకుని, కొందరికి చర్మం మీద కోతలు పెట్టి ముడి వేయకుండానే కుట్టేశారు. రెండు జట్లకీ నొప్పి ఒకేలా తగ్గింది! 2017లో ఇంగ్లండులో స్టెంట్లకీ అలాంటి పరీక్షే పెట్టారు, ఆర్బిటా అని. 200 మంది, చెవులకి హెడ్‌ఫోన్లు, స్టెంట్ పడిందో లేదో పేషెంటుకి తెలియదు. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద రెండు జట్లకీ పెద్ద తేడా లేదు. కార్డియాలజిస్టుగారు కుర్చీలోంచి లేచాడు. "2023లో వచ్చిన ఆర్బిటా-2 కూడా చెప్పరా! నొప్పి మాత్రలు ఆపించి 301 మందిని చూస్తే స్టెంట్ నొప్పి తగ్గించిందని తేలలేదూ?" బావ తేలిందని ఒప్పుకున్నాడు. అక్కడ ఇద్దరూ కాస్త చల్లబడ్డారు.

అంతసేపూ నోరు విప్పని నాన్న అప్పుడు అడిగాడురా. "బాబూ, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేయగలనా, లేదా?"

32 కిలోమీటర్లు! కొండ కింద తొలి పావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలెట్టకపోతే ఆయనకి ఆ ఏడాది ఏడాదే కాదు. ఇన్ని ట్రయళ్ళు మాట్లాడారు గానీ ఆయనకి ఏం కావాలో అడిగినవాళ్ళు లేరు. హాస్పిటల్లో అసలే లేరు. నాకు ఇప్పటికీ మండుతున్నది అదే. 2017లో ప్రభుత్వం మందు పూత స్టెంట్ ధర 29,600 రూపాయలకి కట్టడి చేసింది, మంచిదే. కానీ అది ఎందుకు వేస్తున్నారో, ప్రాణం కోసమో, నొప్పి కోసమో, బల్ల మీద పడుకున్న మనిషికి ఒక్క ముక్క చెప్పొద్దూ? భయపెట్టి సంతకం తీసుకోవడమేమిటి?

చివరికి ఇద్దరూ ఒక మాటకొచ్చారు. ముందు మాత్రలు: ఆస్పిరిన్, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోవడానికి జేబులో సార్బిట్రేట్. కొన్నాళ్ళు చూసి, నొప్పి ఆయన నడకకి అడ్డమొస్తే అప్పుడు స్టెంట్, అదీ నొప్పి కోసమని తెలిసి. ఇప్పుడు కోస్టల్ బ్యాటరీ నుంచి ఆర్కే బీచ్ దాకా మెల్లగా నడుస్తున్నాడు. నొప్పి బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. ప్రదక్షిణ సంగతి ఇంకా తేలలేదు.

ఇంత ఎందుకు రాశానంటే, మీ మావయ్యగారికి మూడు స్టెంట్లు అన్నారని రాశావు కదా. ఏ నాళంలోనో, పంపింగ్ ఎంతో, నడిస్తేనే నొప్పా ఊరికే కూర్చున్నా వస్తోందా, కనుక్కో. సీడీ పంపిస్తే బావ చూస్తానన్నాడు. కానీ ఒక్క మాట: కూర్చున్నా నొప్పి ఆగకుండా వస్తున్నా, చెమటలు పట్టినా, ఈ వాదనలేవీ పెట్టుకోకుండా పరిగెత్తాలి. గుండెపోటులో నాళం వెంటనే తెరిస్తే ప్రాణం దక్కుతుంది. దాని మీద వీళ్ళిద్దరికీ తగాదాయే లేదు.

యారాడ విషయం రాద్దామనుకున్నాను, ఆ రోజు నువ్వు లైట్‌హౌస్ దగ్గర అన్న మాట ఇన్నేళ్ళకి... అమ్మ కేకేస్తోంది. నాన్న పరగడుపున రెడీ అయి గుమ్మంలో నిలబడ్డాడు, రక్తపరీక్షకి తీసుకెళ్ళాలి, ఆదివారం ల్యాబు తొందరగా మూసేస్తారు. ఉంటాను. ఆ సీడీ మర్చిపోకు