స్వపరిచయం బట్టీ పట్టిస్తే మాట్లాడటం రాదు

సంపాదకుల వారికి నమస్కారం.

గత వారం మీ జిల్లా సంచికలో, మా పట్టణంలో జరిగిన స్పోకెన్ ఇంగ్లీషు శిక్షణ ముగింపు సభ వార్త చదివాను. రాయాలా వద్దా అని నాలుగు రోజులు తటపటాయించి, మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక విద్యార్థిని వేదికపై తడబడకుండా ఇంగ్లీషులో తనను తాను పరిచయం చేసుకున్నదని, అతిథులు చప్పట్లు కొట్టారని రాశారు. ఆ అమ్మాయి పడ్డ శ్రమను నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ పరిచయం ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఒక్కసారి పనికి వస్తుంది. రెండో రోజు నుంచి కావలసిన మాట వేరు. దాన్ని నేర్పుతున్న వారు నాకు ఈ జిల్లాలో కనబడటం లేదు.

పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, పాలిటెక్నిక్ పూర్తిచేసి, యంత్రాల విడిభాగాలు తయారుచేసే కర్మాగారంలో పాతికేళ్లుగా పనిచేస్తున్నాను. ప్రస్తుతం షిఫ్టు ఇన్‌ఛార్జిని. నిరుడు మా దగ్గర జరిగిన ఒక సంగతి చెబితే నా బాధ ఏమిటో అర్థమవుతుంది. షాఫ్టుల వ్యాసం కొద్దికొద్దిగా పెరుగుతూ పోతున్నదని, ఇంగ్లండ్‌లోని కొనుగోలుదారు సంస్థ ఇంజనీరు వీడియో కాల్‌లోకి వచ్చాడు. మిషను మీద ఉన్న కుర్రవాడిని ‘సో, యు హావెంట్ చేంజ్‌డ్ ది ఇన్సర్ట్?’ అని అడిగాడు. ఇన్సర్టు అంటే మిషనులో లోహాన్ని కోసే చిన్న ముక్క; అది అరిగేకొద్దీ షాఫ్టు లావుగా వస్తుంది, అరిగితే మార్చాలి. మావాడు వెంటనే ‘యెస్ సార్’ అన్నాడు. తెలుగులో ‘మార్చలేదా?’ అని అడిగితే ‘అవును సార్, మార్చలేదు’ అంటాం. ఎదుటివారు అన్నది నిజమేనని ఒప్పుకోవడం మన పద్ధతి. ఇంగ్లీషులో అదే సంగతికి ‘నో’ అనాలి. ఇన్సర్టు మార్చేశారని అనుకున్న ఆ ఇంజనీరు, అరుగుదల కారణం కాదని తేల్చుకుని, ఎంత లోపలికి కోయాలో మిషనుకు చెప్పే అంకె అయిన ఆఫ్‌సెట్టు మార్పించాడు. రాత్రి షిఫ్టు వాళ్లు కొత్త ఇన్సర్టు వేసేసరికి కొలత ఇటు నుంచి అటు తప్పి, సరుకు స్క్రాపు కింద పోయింది. తర్వాత కూర్చోబెట్టి అడిగితే, ‘ఆయన అడిగింది సరిగా అర్థం కాలేదు సార్, మళ్లా అడిగితే ఏమనుకుంటాడో అని ఊరుకుంటి’ అన్నాడు. ఆ కుర్రవాడికి ఇంజనీరింగు పట్టా ఉంది, ఇలాంటి శిక్షణ ధ్రువపత్రం కూడా ఉంది.

అర్థం కాలేదని సిగ్గుపడకుండా చెప్పడం, విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పి ఖాయం చేసుకోవడం, పై అధికారి లెక్క తప్పితే మర్యాద చెడకుండా కాదనడం, ఆలస్యమైన పని గురించి ముందుగానే నోరు విప్పడం ఎవరో ఒకరు కూర్చోబెట్టి చేయిస్తే తప్ప వచ్చేవి కావు. మర్యాద సంగతే తీసుకోండి. మనం ‘చెప్పండి’ అంటే అందులోని ‘అండి’లోనే గౌరవం ఉంది. దాన్నే ‘టెల్ మీ’ అని ఇంగ్లీషులోకి దించితే గౌరవం జారిపోయి ఆజ్ఞలాగా వినబడుతుంది. ‘ఐ హావ్ ఎ డౌట్’ అని మన పిల్లలు ప్రశ్న అడగబోతే, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి తమ మాట మీదే అనుమానపడుతున్నట్లు తోచవచ్చు. పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలయ్యాక, ఉమ్మడి అనంతపురం జిల్లా పిల్లలకు కొరియా వారితో కలిసి పనిచేసే అవకాశం వచ్చింది. ‘చేయలేదా?’ అని అడిగితే కొరియన్ భాషలోనూ మన పద్ధతిలోనే ‘అవును, చేయలేదు’ అంటారు. అంటే మన వాడి ‘యెస్’ కొరియా అధికారికి ఒక రకంగా, ఇంగ్లండ్ వారికి మరో రకంగా అందవచ్చు. ఇటువంటివి చెప్పే పాఠం ఏ శిక్షణలో ఉందో నిర్వాహకులు చెప్పాలి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. ఐరోపా మండలి 2001లో ప్రచురించిన భాషా ప్రమాణాలలోనే, ఒక్కరే నిలబడి చెప్పడాన్నీ ఎదుటివారితో సంభాషించడాన్నీ రెండు వేర్వేరు సామర్థ్యాలుగా విడదీశారు. మా అమ్మాయి రాసిన, విదేశీ చదువులకు అడిగే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. అందులో చివరి భాగమంతా పరీక్షకులతో చర్చే. మన దగ్గర హాలులో అరవై మందిని కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు మైకు ఇచ్చి, బట్టీ పట్టింది ఒప్పజెప్పించుకుని పంపేస్తున్నారు. వినడం అనేది ఆ శిక్షణలో ఎక్కడా లేదు.

ఈ నిర్లక్ష్యం శిక్షణ సంస్థలది మాత్రమే కాదు. నేను ఇంటర్మీడియట్ చదువుతున్న తమ్ముడి పుస్తకాలు తిరగేసి ఇంగ్లీషు నేర్చుకున్న రోజుల్లో, వాడు రెండేళ్లూ ఇంగ్లీషు పరీక్షలు రాసి మంచి మార్కులతోనే గట్టెక్కాడు గానీ, ఒక్కసారైనా నోరు తెరిచి ఒక వాక్యం చెప్పమన్న వారు లేరు. 2019లో ప్రభుత్వ బడులకు ఇంగ్లీషు మాధ్యమం జీవో వచ్చినప్పుడు, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు రాష్ట్రమంతా రెండుగా చీలి వాదించుకున్నది. పుస్తకం ఏ భాషలో ఉండాలనే దాని మీద పోయిన ఆ ఓపికలో కొంతైనా, ఏ భాషలోనైనా సరే పిల్లవాడు ధైర్యంగా ప్రశ్న అడగగలుగుతున్నాడా అన్నదాని మీద పెట్టి ఉంటే బాగుండేది.

పని చేసే చోటే భాష వస్తుందనడానికి మన సీమలోనే సాక్ష్యం ఉంది. బ్రౌను దొర 1820లో కడప కలెక్టరు దగ్గర సహాయకుడిగా చేరి, ఉద్యోగం చేస్తూనే తెలుగు నేర్చుకుని, ఆ తర్వాత మనకు నిఘంటువులు ఇచ్చేంతవాడయ్యాడు. ఈనాడు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే ఐఏఎస్ అధికారులు కూడా సోమవారం అర్జీల రోజున, ఊళ్ల నుంచి వచ్చిన రైతులు తమ యాసలో చెప్పుకునే గోడు వింటూనే తెలుగును సొంతం చేసుకుంటున్నారు. అధికారులు నేర్చుకునే ఈ పద్ధతి మన పిల్లలకు ఎందుకు అందడం లేదు?

మా కుర్రవాడిని ఆ తర్వాత నేను ప్రతి కాల్‌కు ముందు పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకున్నాను. ‘యెస్’ అని ఆపవద్దు, ‘నో, వుయ్ హావెంట్ చేంజ్‌డ్ ఇట్ యెట్’ అని పూర్తి వాక్యం చెప్పమన్నాను. విన్నది తిరిగి చెప్పి ‘ఈజ్ దట్ రైట్?’ అని అడిగించాను. మూడు నెలల్లో కాల్ మొత్తం తానే నడిపించే స్థితికి వచ్చాడు.

వచ్చే విడత శిక్షణలోనైనా ఒక్కో జట్టుకు పదిమందికి మించకుండా చూడాలని, సగం రోజులు ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, కర్మాగారాల్లో గడిపేలా ఏర్పాటు చేయాలని, ముగింపు పరీక్షగా ముక్కూమొహం తెలియని వారితో ఫోనులో మాట్లాడించాలని అధికారులను కోరుతున్నాను. మా షిఫ్టు మారే అరగంటకు పిల్లలను పంపిస్తే దగ్గరుండి నేర్పడానికి నేను సిద్ధం. యాజమాన్యాన్ని ఒప్పించే బాధ్యత కూడా నాదే.

ఇట్లు,
ఒక కర్మాగార ఉద్యోగి,
అనంతపురం.