ముందు పూడిక తీయండి, ఆర్చీల సంగతి తర్వాత చూద్దాం

సంపాదకుల వారికి నమస్కారం.

మాది గోదావరి డెల్టాలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఇది ఒక్క ఊరి గొడవ కాదు, డెల్టాలో ఏ పట్టణంలో ఉన్నవాళ్లకైనా తెలిసిన సంగతే. ఏటా బడ్జెట్ సమావేశం అవుతుంది, మిగులు బడ్జెట్ అని పేపర్లో వస్తుంది, ఆ తర్వాత ఏ వార్డు నుంచి ఎవరు ఏ పని అడిగినా "నిధులు లేవండీ" అన్న సమాధానమే వస్తుంది. నిధులు లేవన్న మాట నేను నమ్ముతాను. అది అబద్ధమని దెబ్బలాడటానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఉన్న కాస్త డబ్బులో మొదటి రూపాయి దేనికి పెట్టాలో, ఏ నెలలో పెట్టాలో చెప్పడానికి రాస్తున్నాను. మొదటి రూపాయి డ్రెయిన్లలో పూడిక తీయడానికి పెట్టాలి. అది కూడా కాలువలకు నీళ్లు వదిలేలోపు, అంటే మే నెలాఖరుకల్లా పని పూర్తయిపోవాలి. కొత్త రోడ్డు, ఆర్చీ, డివైడరు, సెల్ఫీ పాయింటు అన్నీ దాని తర్వాతే.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే మన నేల అలాంటిది. మెట్ట ప్రాంతంలో వాన పడితే నీరు దానంతట అదే పల్లానికి పోతుంది. ఇక్కడ పల్లం ఎక్కడుంది? ధవళేశ్వరం దిగువ నుంచి సముద్రం దాకా నేలంతా చాప పరిచినట్టు ఉంటుంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట కట్టించాడు. విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకు, బొబ్బర్లంక నుంచి కోనసీమకు, ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకు ఇప్పటికీ కాలువలు పారుతున్నాయి, దాదాపు పది లక్షల ఎకరాలు తడుస్తున్నాయి. అయితే నీళ్లు తేవడం ఎంత ముఖ్యమో, తెచ్చిన నీళ్లను బయటికి పంపడమూ అంతే ముఖ్యం. ఆ సంగతి ప్రభుత్వానికి తెలియనిదీ కాదు, కృష్ణా, గోదావరి డెల్టాల్లో మురుగు సెస్సు వసూలు చేయడానికి 1968లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో మురుగు కాలువల దుస్థితి ఒకటి. చేలో నీళ్లు నిలబడితే రైతు నోరు విప్పాడు, రాష్ట్రమంతా విన్నది. అవే నీళ్లు పట్టణంలో మన గుమ్మం ముందు రోజుల తరబడి నిలబడితే మనం ప్యాంటు పైకి మడుచుకుని దాటి పోతున్నాం తప్ప ఎవరినీ అడగడం లేదు.

మా వీధిలో పూడిక ఎలా తీస్తారో చెబుతాను. ఇద్దరు కార్మికులు వస్తారు. ఒకరు డ్రెయిన్లోకి దిగుతారు, ఒకరు పైన నిలబడతారు. చేతిలో ఒక పార, ఒక తట్ట. లోపల నల్లటి మెత్తటి బురద, అందులో పాల ప్యాకెట్లు, కొబ్బరి డొక్కలు, పిల్లల డైపర్లు, ఎవరో పారేసిన దిండు గలీబు. అదంతా తోడి డ్రెయిన్ అంచునే కుప్పలు పోస్తారు. తడి బురద ట్రాక్టర్లో ఎక్కిస్తే దారి పొడుగునా కారుతుందని, నాలుగు రోజులు ఆరనిచ్చి ఎత్తుతామని మేస్త్రీ చెబుతాడు. ఆయన మాటలో తప్పు లేదు. కానీ పని మొదలయ్యేది జూన్ మూడో వారంలో అయితే ఆరడం ఎక్కడిది? ఆ రాత్రే వాన కొడుతుంది, కుప్ప కరిగి, తోడిన బురదలో సగం మళ్లీ డ్రెయిన్లోకే జారిపోతుంది. కూలి అయింది, బిల్లు అయింది, బురద మాత్రం ఉన్నచోటే ఉంది. అదే పని ఏప్రిల్ ఎండల్లో చేస్తే రెండు మూడు రోజుల్లో ఎండి పెళ్లలు పెళ్లలుగా లేస్తుంది, బరువు తగ్గుతుంది, తక్కువ ట్రిప్పుల్లో ఊరి బయటికి పోతుంది. డబ్బు లేని మున్సిపాలిటీ డబ్బు ఆదా చేసుకోగల చోటు ఇదే. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మోకాలి లోతు మురుగులోకి ఉత్త కాళ్లతో దిగే మనిషికి బూట్లూ గ్లౌజులూ కొనడానికి నిధులు లేవంటే నేను ఒప్పుకోను, ఏ బడ్జెట్ అయినా ఒప్పుకోను.

మరి ఏప్రిల్లోనే ఎందుకు చేయరు? బడ్జెట్ మార్చిలో పాసవుతుంది. ఏప్రిల్లో అంచనాలు వేస్తారు. మే నెల కౌన్సిల్ ఎజెండాలోకి వస్తుంది. టెండరు పిలిస్తే ఒక్కరే వేశారని మళ్లీ పిలుస్తారు. అగ్రిమెంటు మీద సంతకాలు అయ్యేసరికి జూన్ వచ్చేస్తుంది, అప్పటికి కాలువలకు నీళ్లు వదిలేసి ఉంటారు, నైరుతి కూడా దిగి ఉంటుంది. పూడిక ఏటా తీయాల్సిందేనని కమిషనర్ దగ్గర్నుంచి వార్డు సచివాలయం దాకా అందరికీ తెలుసు, ఇదేం అనుకోకుండా వచ్చి పడే ఖర్చు కాదు. డిసెంబరులో అంచనా, జనవరి కౌన్సిల్లో ఆమోదం, ఫిబ్రవరిలో టెండరు ఖరారు చేసి ఉంచుకుంటే కాలువలు కట్టిన, అంటే వేసవికి నీళ్లు ఆపేసిన మర్నాడే పొక్లెయిన్ దిగొచ్చు. ఇది కుదరదని అనేవాళ్లకు ఒక్కటే చెబుతాను. కాలువలు కట్టే ముందు మన మంచినీళ్ల చెరువు, అదే సమ్మర్ స్టోరేజీ ట్యాంకు నిండాలని ఇదే మున్సిపాలిటీ, ఇదే ఇంజినీర్లు ముందే లెక్కలు వేసుకుంటారు, ఎన్ని రోజులు వస్తాయో, రోజు విడిచి రోజు ఇవ్వాలో ముందే తేల్చుకుంటారు. తీరం వైపు ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి కాబట్టి అక్కడ ఆలస్యం చేస్తే ఊరు ఊరుకోదు. తాగే నీళ్ల విషయంలో క్యాలెండరు చూడటం వచ్చినవాళ్లకు మురుగునీళ్ల విషయంలో రాదా?

మున్సిపాలిటీ తన డ్రెయిన్లు ఎంత శుభ్రం చేసుకున్నా పని సగమే. ఊళ్లో మురుగంతా చివరికి ఇరిగేషన్ వాళ్ల డ్రెయిన్లలోనే కలవాలి, యనమదుర్రు అయినా, గోస్తనీ అయినా, నక్కల డ్రెయిన్ అయినా, కోనసీమలో కౌశిక అయినా. అక్కడ గుర్రపుడెక్కా తూడూ అల్లుకుపోయి ఉంటే ఊళ్లోంచి వెళ్లిన నీరు కల్వర్టు దగ్గర ఆగి వెనక్కి తంతుంది. మా వార్డు చివర పెద్ద వాన పడ్డ రోజు ఇది కళ్లారా చూడొచ్చు, డ్రెయిన్లో చెత్త సముద్రం వైపు కాకుండా బజారు వైపు కొట్టుకొస్తుంటుంది. అడిగితే వీళ్లు వాళ్ల మీద చెబుతారు, వాళ్లు వీళ్ల మీద చెబుతారు. మార్చిలో ఒక రోజు మున్సిపల్ ఇంజినీరు (డీఈ), ఇరిగేషన్ ఇంజినీరు (ఏఈ) ఇద్దరూ కలిసి మొదటి నుంచి చివరి దాకా గట్టు వెంబడి నడవాలి, ఎక్కడ ఎవరి పనో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి, ఆ కాగితం కౌన్సిల్ ముందుకు రావాలి. దీనికి నిధులు కూడా అక్కర్లేదు.

ఇక డబ్బుల విషయం. రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, పన్నెండో షెడ్యూల్లో పట్టణాలకు అప్పగించదగ్గ 18 అంశాలు రాశారు. బాధ్యతల జాబితా పెద్దదే, ఆదాయం మాత్రం అంత లేదు. సొంతంగా వచ్చేది ఇంటి పన్ను, కుళాయి పన్ను, మార్కెట్ ఆశీలు, షాపుల అద్దెలు, ప్లాన్ ఫీజులు. మిగతావి పైనుంచి రావాలి, వచ్చినప్పుడు వస్తాయి. సినిమా టికెట్ల మీద వినోదపు పన్ను 2017 జులై 1న జీఎస్టీలో కలిసిపోయింది. సంక్రాంతికి హాళ్లన్నీ కిటకిటలాడే మన ఊళ్లకు అది చిన్న నష్టం కాదు. చెత్త పన్ను రద్దు చేస్తున్నట్టు 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి మచిలీపట్నంలో ప్రకటించారు, జనం సంతోషించారు, నేనూ సంతోషించాను. అయితే చెత్త బండి రావడం ఆగకూడదు కదా, ఆగకపోతే దాని డీజిలూ, తోలేవాడి జీతమూ ఏదో ఒక పద్దులోంచి రావాల్సిందే. పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, పంపుల కరెంటు బిల్లు, పటిక, క్లోరిన్, వీధి దీపాలు పోగా మిగిలేది ఎంతో ఎవరైనా ఊహించుకోవచ్చు. అందుకే ఆ మిగిలినదాన్ని దేనికి ఖర్చు పెడుతున్నారన్నది ఇంత పట్టుగా అడుగుతున్నాను. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పెట్టిన నిబంధన చూడండి, మన లాంటి పట్టణాలకిచ్చే గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేసింది, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోమంది, జీతాలకు మాత్రం వద్దంది. డెల్టా పట్టణానికి మురుగు పోవడం కంటే పెద్ద అవసరం ఏముంటుంది?

కొత్త పనికి శిలాఫలకం ఉంటుంది, కొబ్బరికాయ కొడతారు, ఫొటో వస్తుంది. పూడికకు ఇవేవీ ఉండవు. నాకు బాగా కోపం వచ్చేది సిమెంటు రోడ్ల దగ్గర. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పోసుకుంటూ పోతున్నారు. పోసిన ప్రతిసారీ రోడ్డు జానెడు లేస్తుంది, ఇళ్లు జానెడు దిగుతాయి. మా పక్క వీధిలో ఒకప్పుడు మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లే ఇంటికి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్లాలి, వానాకాలం వస్తే ఆ ఇంటావిడ ఇసక బస్తాలు గుమ్మానికి అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. ఆ రోడ్డు కోసం ఖర్చు పెట్టిన డబ్బు ఆవిడకు మేలు చేయకపోగా ఉన్న ఇల్లు పాడు చేసింది. డ్రెయిన్ లెవెలు చూడకుండా రోడ్డు లెవెలు పెంచే ఏ అంచనా మీదా కౌన్సిలర్లు చెయ్యి ఎత్తకూడదు. టేబుల్ ఎజెండాలో పెట్టి అప్పటికప్పుడు పాస్ చేయించుకునే పనుల్లో ఇలాంటివే ఎక్కువ, కాబట్టి అక్కడే అడ్డు చెప్పాలి.

మన వైపు నుంచి కూడా చేయాల్సినవి ఉన్నాయి. షాపుల వాళ్లు డ్రెయిన్ మీద పలకలు పరిచి, వాటి మీద మెట్లు కట్టేశారు. ఆ కింద పార ఆడదు, మనిషి దూరడు, పలక తీయమంటే ఫోన్లు వస్తాయి. తీసి పెట్టుకునే జాలీలు తప్ప కాంక్రీటు పలక ఉండకూడదని ఒక తీర్మానం చేసి పెద్దవాళ్ల షాపుల దగ్గర మొదలుపెడితే చిన్నవాళ్లు మాట్లాడకుండా తీసుకుంటారు. ఇంటి పన్ను ఏప్రిల్ 30లోపు ఏడాదిది మొత్తం కట్టేస్తే అయిదు శాతం రాయితీ ఉంది, సరిగ్గా పూడిక పనికి డబ్బు కావాల్సిన నెల అది, కట్టగలిగినవాళ్లు అప్పుడే కట్టండి. వడ్డీ మాఫీ ఎప్పుడొస్తుందా అని ఏళ్ల తరబడి బకాయి పెట్టుకుని కూర్చున్నవాళ్ల పేర్లు, ఖాళీ స్థలాలు కొని పడేసి పన్ను కట్టనివాళ్ల పేర్లు వార్డు సచివాలయం గోడకు అంటించాలి. అందులో ప్రభుత్వ ఆఫీసులుంటే వాటి పేర్లు కూడా అంటించాలి.

పాలకవర్గం ఉన్న చోట కనీసం కౌన్సిలర్ ఇంటికి వెళ్లి అడగొచ్చు. భీమవరం, తణుకు, పాలకొల్లు, తాడేపల్లిగూడెం లాంటి చోట్ల 2021లో ఎన్నికలే జరగలేదు, ప్రత్యేక అధికారుల పాలనలోనే గడిచింది. అలాంటి ఊళ్లలో బడ్జెట్ కాగితం జనం ముందు పెట్టడం ఇంకా అవసరం, ఎందుకంటే అక్కడ జనం తరఫున అడిగేవాళ్లే లేరు.

చివరగా మీ పత్రికను ఒకటి కోరుతున్నాను. మునిగిన వీధుల ఫొటోలు జులైలో ఎలాగూ వేస్తారు. ఈసారి ఫిబ్రవరిలోనే మీ విలేకరులను డెల్టాలోని ప్రతి మున్సిపాలిటీకీ పంపించండి. పూడికతీతకు ఎంత కేటాయించారు, అంచనా ఎప్పుడు వేశారు, టెండరు ఏ తేదీన పిలిచారు, పని ఏ తేదీకి పూర్తవ్వాలి, ఈ నాలుగూ కనుక్కుని ఊరి పేరుతో సహా జిల్లా పేజీలో పట్టికగా వేయండి. తేదీ ఖాళీగా ఉన్న ఊళ్లో ఏం అడగాలో అక్కడి జనానికి తెలుస్తుంది, అడగడానికి ఇంకా రెండు నెలల టైమ్ ఉంటుంది.

ఇట్లు,
ఒక ఇంటి పన్ను చెల్లింపుదారు,
గోదావరి డెల్టా